ఒకే లాటు, రెండు లెక్కలు: మిర్చి కొట్టు యాప్ డైరీ

ఏప్రిల్ 27

గొడవంతా ఒక్క రూపాయి దగ్గర వచ్చింది.

మా బాబాయికి గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు ఉంది. ఆరేళ్ల కిందట ఆయన కోసం ఒక ఆండ్రాయిడ్ యాప్ రాసిపెట్టాను. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, కాటా (తూకం) ఎంత, రేటెంత అని కొడితే హమాలీ, కమిషన్ పోను రైతు చేతికి ఎంతొస్తుందో పట్టీ (లెక్క చీటీ) తీసి ఇస్తుంది. తర్వాత బాబాయి కొడుకు ఐఫోన్ కొన్నాడు. వాడికోసం అదే లెక్కని ఐఫోన్ యాప్‌లు రాసే స్విఫ్ట్ భాషలో మళ్లీ రాశాను. గుమాస్తా గారికి ఫోను మీద టైపు చేయడమంటే చిరాకు, ఆయనకి కంప్యూటర్లో ఎక్సెల్ షీటు చేసిచ్చాను. ఒకే లెక్క మూడు చోట్ల ఉంది. మూడూ నేను రాసినవే, కానీ ఒకటి రాసేటప్పుడు ఇంకోటి తెరిచి చూసిన పాపాన పోలేదు.

నిన్న ప్రత్తిపాడు వైపు నుంచి ఒక రైతు 37 టిక్కీల తేజ రకం మిర్చి ఒకే లాటుగా (ఒకేసారి అమ్మే సరుకుగా) తెచ్చాడు. కాటా 1,624.5 కిలోలు. క్వింటా 13,300కి పోయింది. సరుకు విలువ బాబాయి ఫోన్లో 2,16,059. తమ్ముడి ఫోన్లో 2,16,058. రైతు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసి, "కాటా ఒకటే గదా, లెక్కలు రెండేంది?" అన్నాడట.

బాబాయి రాత్రి ఫోన్ చేశాడు. "రూపాయి నా జేబులోంచి ఇచ్చా. అది పోతే పోయింది. కొట్లో జనం ముందు తలెత్తుకోలేకపోయాన్రా" అన్నాడు. మేలో యార్డుకి వేసవి సెలవులు వస్తాయి, దాదాపు నెల రోజులు. తెరిచేలోపు సరిచేస్తానని మాటిచ్చాను.

మే 2

పాత కోడ్ తెరిచాను. ఆరేళ్ల కిందటి మన కోడ్ చదవడం, పదో తరగతిలో రాసుకున్న కవిత్వం చదవడం లాంటిదే. సిగ్గేస్తుంది.

క్వింటా 13,300 అంటే కిలో 133. దాన్ని 1,624.5తో గుణిస్తే 2,16,058.50. సరిగ్గా అర్ధ రూపాయి మీద ఆగింది. ఆండ్రాయిడ్ యాప్ జావా భాషలో రాశాను, అంకెని పూర్తి రూపాయికి సరిచేయడానికి అందులోని మ్యాథ్ రౌండ్ వాడాను. అది అర్ధని ఎప్పుడూ పైకే తీసుకెళ్తుంది, కాబట్టి 59. ఐఫోన్‌లో నేను రౌండ్ చేయనే లేదు, దశాంశాలు లేకుండా చూపించమని, అంకెని అక్షరాలుగా మార్చే స్ట్రింగ్ ఫార్మాట్‌కి చెప్పి వదిలేశాను. అది అర్ధ వచ్చినప్పుడు దగ్గర్లో ఉన్న సరిసంఖ్యకి వెళ్తుంది, కాబట్టి 58. అదే లెక్క 2,16,059.50 దగ్గర ఆగి ఉంటే రెండు ఫోన్లూ 2,16,060 అనే చూపించేవి, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఇన్నేళ్లూ దొరక్కుండా తిరిగింది ఇందుకే.

ఎక్సెల్ సంగతి వేరు. దాని రౌండ్ అర్ధని సున్నాకి దూరంగా జరుపుతుంది. అంకె సున్నాకి పైన ఉన్నంతవరకు జావాతో తేడా రాదు. మైనస్ వస్తే మాత్రం దారులు వేరు: మైనస్ రెండున్నరని ఎక్సెల్ మైనస్ మూడు చేస్తుంది, జావా మైనస్ రెండు చేస్తుంది. మిర్చి కొట్లో మైనస్ ఎక్కడిదంటే, విత్తనాలప్పుడు తీసుకున్న అడ్వాన్సు సరుకు విలువ కన్నా ఎక్కువున్న రైతు పట్టీలో వస్తుంది. అంటే అప్పున్న వాడి దగ్గరే లెక్క తేడా. ఇది చూశాక నిద్ర పట్టలేదు.

మే 6

లెక్క ఒక్కచోటే ఉండాలి. అంతవరకు తేలిపోయింది. ఎలా అన్నదే ప్రశ్న.

ఒకే కోడ్‌తో రెండు ఫోన్లకీ యాప్ కట్టే ఫ్లట్టర్ ముందు గుర్తొచ్చింది. మంచిదే, కానీ అది తెరల్ని కూడా తన చేతిలోకి తీసుకుంటుంది. బాబాయి ఆరేళ్లుగా చూడకుండా నొక్కే బటన్లు అవి. ఎడమ చేత్తో మచ్చు చూస్తూ కుడి చేత్తో కాటా కొట్టేస్తాడు. బటన్ అర అంగుళం జరిగినా నాకు తిట్లు ఖాయం. అలాంటిదే అయిన రియాక్ట్ నేటివ్‌తోనూ ఇదే చిక్కు.

లెక్క వరకు సీ ప్లస్ ప్లస్ భాషలో రాసి రెండు ఫోన్లకీ తగిలించడం పాత పద్ధతి. డ్రాప్‌బాక్స్ వాళ్లు 2013 నుంచి అలాగే చేసి, 2019లో మానేశామని కారణాలతో సహా రాశారు. పంచుకున్న కోడ్ వల్ల మిగిలిన పని కన్నా, ఆ పంచుకోవడాన్ని నిలబెట్టడానికి పడ్డ పాట్లే ఎక్కువయ్యాయన్నది సారాంశం. అంత పెద్ద కంపెనీకే అలా అయితే, రాత్రి భోజనాలయ్యాక కూర్చుని కోడ్ రాసే నాకు కుదరదు.

మిగిలింది కాట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్, అంటే కాట్లిన్ భాషలో ఒకసారి రాసిన కోడ్‌ని అన్ని చోట్లా వాడుకునే పద్ధతి. కాట్లిన్ తయారుచేసే జెట్‌బ్రెయిన్స్ దాన్ని 2023 నవంబరులో స్టేబుల్ (ఇక నమ్మి వాడొచ్చు) అని ప్రకటించింది. 2024 మేలో గూగుల్ కూడా ఆండ్రాయిడ్, ఐఫోన్ల మధ్య లెక్కల భాగం పంచుకోవడానికి ఇదే మా దారి అని వెనక నిలబడింది. ఇందులో నాకు నచ్చింది ఒక్కటే: ఎంత పంచుకోవాలో మన ఇష్టం. ఒక్క ఫంక్షన్ పంచుకున్నా చాలు. అలా పంచుకునే కామన్ కోడ్ ఆండ్రాయిడ్‌కి మామూలు కాట్లిన్ లాగే కనిపిస్తుంది, ఐఫోన్‌కి ఫ్రేమ్‌వర్క్ అనే లైబ్రరీగా మారి వెళ్తుంది, కంప్యూటర్లో జావా మీద నడుస్తుంది. తెరల్ని కూడా పంచుకునే కంపోజ్ మల్టీప్లాట్‌ఫామ్ ఐఫోన్ మీద 2025 మేలో స్టేబుల్ అయింది గానీ, ఫోన్లలో ఉన్న తెరల జోలికి నేను పోను. గుమాస్తా గారి కంప్యూటర్ తెర మాత్రం ఎలాగూ కొత్తగా రాయాలి, దానికి వాడతాను.

మే 11

మొదలుపెట్టాను. పాత జావా ఫైళ్లని ఆండ్రాయిడ్ స్టూడియోయే కాట్లిన్‌లోకి మార్చి పెట్టింది. వాటిని కామన్ ఫోల్డర్లోకి జరపగానే తెరంతా ఎర్రగీతలు. కామన్‌లో జావా లైబ్రరీలు ఉండవు. దశాంశాల లెక్కకి వాడే బిగ్‌డెసిమల్ లేదు, జావా తేదీలు లేవు. తేదీలకి కాట్లిన్‌ఎక్స్ డేట్‌టైమ్ అనే లైబ్రరీ పెట్టాను. పట్టీలు దాచడానికి ఎస్‌క్యూఎల్‌డిలైట్ అనే లైబ్రరీ. ఈ రెండూ సాఫీగా కుదిరాయి, రాయడానికేం లేదు.

ఒకటి మాత్రం రాయాలి. పాత ఐఫోన్ కోడ్‌లో తేదీ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) తీసుకుంటున్నాను. మన టైము దానికన్నా ఐదున్నర గంటలు ముందు. సీజన్లో లారీలు తెల్లవారుజామున మూడింటికీ నాలుగింటికీ దిగుతాయి. ఐదున్నరలోపు ఎక్కించిన లాటుకల్లా నిన్నటి తేదీ పడుతోంది. తమ్ముడు దాన్ని రోజూ చేత్తో మార్చుకుంటున్నాడట. ఇన్నాళ్లూ చెప్పలేదేంరా అంటే, "యాప్ అంటే అంతేనేమో అనుకున్నా అన్నయ్యా" అన్నాడు.

మే 14

ఈ రోజు కోడ్ రాయలేదు. ఈ మొత్తం పనిలో ముఖ్యమైన రోజు మాత్రం ఇదే.

కామన్‌లో రౌండింగ్ ఫంక్షన్ రాయబోయి ఆగిపోయాను. కాట్లిన్‌లోనే రెండు ఉన్నాయి: రౌండ్ అనేది అర్ధని సరిసంఖ్యకి తీసుకెళ్తుంది, రౌండ్‌టులాంగ్ అనేది పైకి తీసుకెళ్తుంది. ఒకే భాష, ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు, చెరో దారి. ఏది వాడాలి? ఇదివరకు మూడు చోట్ల మూడు రాశాను గానీ ఏది సరైనదని ఒక్కసారి కూడా ఎవర్నీ అడగలేదు. మూడు కోడ్‌లు ఉన్నప్పుడు అడగాల్సిన అవసరం రాలేదు. చేతికి ఏది తగిలితే అది వాడేశాను. ఇప్పుడు ఒక్కటే రాయాలనేసరికి చెయ్యి ఆడలేదు.

గుమాస్తా గారి దగ్గరికి వెళ్లాను. బ్రాడీపేటలో ఆయన ఇల్లు. ముప్ఫై ఏళ్లకు పైగా పట్టీలు రాసిన చెయ్యి. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు.

"అయ్యా, 2,16,058 రూపాయల యాభై పైసలు వస్తే మీరు ఎంత వేస్తారు?"

"ఎక్కడ వేసేది? సరుకు విలువ దగ్గరా, ఆఖర్నా?"

ఆ ఒక్క మాటకే నా మూడు యాప్‌లూ తప్పని తేలిపోయింది. నేను సరుకు విలువని రౌండ్ చేసి, కమిషన్ని రౌండ్ చేసి, మళ్లీ మొత్తాన్ని రౌండ్ చేస్తున్నాను. ఆయన పాత పుస్తకం తీసి చూపించారు. ప్రతి వరసలోనూ పైసలు ఉన్నాయి. రూపాయల్లోకి మార్చేది అట్టడుగున, చేతికిచ్చే అంకె దగ్గర మాత్రమే.

"మరి ఆఖర్న?"

"పైసా ఉన్నా సరే పై రూపాయే. చిల్లర కోసం రైతు చేత మాట పడతామా?"

"కమిషన్లో పైసా కన్నా చిన్న ముక్క మిగిలితే?"

"మనకొచ్చే దాంట్లో ముక్క ఉంటే వదిలేయ్ బాబూ. అది మీ తాతగారి నాటి నుంచీ ఉన్న పద్ధతి."

"రైతే మనకి బాకీ ఉంటే?"

ఆయన కాసేపు ఆలోచించారు. "అప్పుడూ ఆయన వైపే. బాకీలో పైసలు కొట్టేస్తాం."

ఎక్సెల్ షీట్లో ఇలా లేదు కదా అన్నాను. "నువ్వు చేసిచ్చావు కదా అని వాడుతున్నా. పుస్తకంలో మాత్రం నా లెక్కే రాసుకుంటున్నా" అన్నారు నవ్వుతూ.

మే 19

గుమాస్తా గారి పద్ధతిని కోడ్‌లో పెట్టాను. దశాంశాలు పూర్తిగా తీసేశాను. డబ్బంతా పైసల్లో, బరువంతా గ్రాముల్లో, అన్నీ పూర్ణాంకాలే.

మొదటిసారి నడిపితే ఆ 37 టిక్కీల లాటు విలువ 21 రూపాయల 64 పైసలు వచ్చింది.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. 16,24,500 గ్రాములని 13,30,000 పైసలతో గుణిస్తే రెండు లక్షల కోట్ల పైచిలుకు వస్తుంది. నేను వాడిన ఇంట్ అనే అంకెల రకం 214 కోట్ల 74 లక్షల దాకానే పట్టుకోగలదు. అది దాటితే కాట్లిన్ నోరు మెదపదు, గడియారం ముల్లులా చుట్టి తిరిగి ఏదో అంకె చేతిలో పెడుతుంది. స్విఫ్ట్ అయితే అంకె ఇలా హద్దు దాటినప్పుడు అక్కడికక్కడే యాప్‌ని ఆపేస్తుంది. ఏది మంచిదని అడిగితే, డబ్బుల లెక్కలో ఆగిపోయేదే మంచిదంటాను. అన్నిటినీ ఇంకా పెద్ద అంకెలు పట్టే లాంగ్‌కి మార్చాక 2,16,058 రూపాయల 50 పైసలు సరిగ్గా వచ్చింది.

పై రూపాయికి జరపడంలో ఇంకో గుంట ఉంది. 99 కలిపి వందతో భాగించడం అందరూ చేసే పని. సున్నాకి పైన బానే ఉంటుంది. మైనస్ 250 పైసలకి అలా చేస్తే మైనస్ 1 వచ్చింది, రావాల్సింది మైనస్ 2. కాట్లిన్ భాగహారం మిగిలిన ముక్కని సున్నా వైపుకి కోసేస్తుంది కాబట్టి. గుర్తు మార్చి, ఎప్పుడూ కిందివైపుకే కోసే ఫ్లోర్‌డివ్‌తో భాగించి, మళ్లీ గుర్తు మారిస్తే రెండు వైపులా సరిపోయింది. ఒక్క వరస కోడ్. దానికి పైన నాలుగు వరసల వ్యాఖ్య రాశాను, గుమాస్తా గారి మాటలతో సహా.

తర్వాత పోయిన సీజన్ పుస్తకంలోంచి 200 పట్టీలు కూర్చుని టైపు చేశాను. అవే నా టెస్టులు. జావా మీద అన్నీ పాసయ్యాయి.

మే 26

రోహిణి కార్తె వచ్చేసింది. రోళ్లు పగులుతాయంటారు, నా లాప్‌టాప్ కూడా పగిలేలా ఉంది.

ఐఫోన్ మీద నడిచే బైనరీ కావాలంటే యాపిల్ వాళ్ల మ్యాక్ కంప్యూటర్, దానిలో వాళ్లదే ఎక్స్‌కోడ్ సాఫ్ట్‌వేర్ ఉండి తీరాలి. దీనికి పక్కదారి లేదు. నా దగ్గర మ్యాక్ లేదు. పాత స్విఫ్ట్ యాప్ కూడా విజయవాడ పటమటలో ఉండే స్నేహితుడి మ్యాక్ మీదే కట్టింది. పొద్దున్నే బస్సెక్కాను. వారధి దాటేసరికి ఏడున్నర, అప్పటికే కృష్ణ మీంచి వడగాలి.

కోడ్‌ని యాప్‌గా కట్టే మొదటి బిల్డ్‌కి, ఐఫోన్ కోసం కాట్లిన్‌ని మార్చే కాట్లిన్ నేటివ్ తన సరంజామా అంతా దించుకోవడం మొదలుపెట్టింది. మేము ఇడ్లీ తినొచ్చి, టీ తాగొచ్చినా అవుతూనే ఉంది. తర్వాత బిల్డ్‌లు కూడా ఆండ్రాయిడ్ అంత చురుగ్గా ఏమీ లేవు. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది.

బిల్డ్ అయ్యాక మావాడు కోడ్ చూసి మొహం ముడిచాడు. "ఒరేయ్, నీ ఫంక్షన్‌కి నువ్వు ఇచ్చిన డిఫాల్ట్ విలువలు ఏవిరా? నాకు ఏడు అంకెలూ ఇమ్మంటోంది." నిజమే. కాట్లిన్ కోడ్ మామూలుగా స్విఫ్ట్‌కి నేరుగా వెళ్లదు, మధ్యలో ఆబ్జెక్టివ్ సీ అనే పాత భాష తలుపులోంచి దూరి వెళ్తుంది. మనం అంకె ఇవ్వకపోతే తనే వేసుకునే డిఫాల్ట్ విలువలు ఆ తలుపు దగ్గర రాలిపోతాయి. అంకెల లిస్టు ఇస్తే అందులో ప్రతి అంకె కాట్లిన్‌లాంగ్ అనే డబ్బాలో ప్యాకై వస్తుంది. వాడికి నచ్చలేదు. నాకూ నచ్చలేదు. స్విఫ్ట్ వైపు నుంచి పిలవడానికి వేరేగా రెండు చిన్న ఫంక్షన్లు రాసి సర్దుకున్నాం.

మధ్యాహ్నం అసలు దెబ్బ తగిలింది. కాటా సున్నా అని కొడితే యాప్ ఠక్కున మూసుకుపోయింది. కామన్ కోడ్‌లో బరువు సున్నా అయితే ఎక్సెప్షన్ (తప్పు జరిగిందనే సంకేతం) విసురుతున్నాను, ఆండ్రాయిడ్‌లో దాన్ని పట్టుకుని ఎర్ర అక్షరాల్లో చూపిస్తున్నాం. స్విఫ్ట్ వైపు మాత్రం, ఈ ఫంక్షన్ ఎక్సెప్షన్ విసురుతుంది అని త్రోస్ గుర్తు పెట్టి ముందే చెప్పకపోతే, పట్టుకునే అవకాశమే ఉండదు. ప్రాణం తీస్తుంది. గుర్తు పెట్టొచ్చు. కానీ ఏదో ఒక రోజు నేనే మర్చిపోతాను. అందుకని విసరడం మానేసి, "పట్టీ వచ్చింది" లేదా "ఈ కారణంతో రాలేదు" అని ఫలితాన్నే తిరిగిచ్చేలా మార్చాను.

సాయంత్రం 200 టెస్టులూ ఐఫోన్ సిమ్యులేటర్ (మ్యాక్‌లో నడిచే నకిలీ ఐఫోన్) మీద నడిచాయి. అన్నీ పచ్చ. మావాడి చేత బెంజి సర్కిల్ దగ్గర జ్యూస్ ఇప్పించుకుని రాత్రి బస్సు పట్టుకున్నాను.

మే 31

అంకెలు కుదిరాయి, ఇక అక్షరాలు మొదలుపెట్టాయి.

పట్టీలో ఊరి పేరుకి పది అక్షరాల చోటు పెట్టాను. కామన్ కోడ్ పది దగ్గర కోస్తుంది. "ప్రత్తిపాడు" వేస్తే "ప్రత్తిపాడ" అని వచ్చింది. మన కంటికి అది నాలుగు అక్షరాలు: ప్ర, త్తి, పా, డు. కాట్లిన్‌కి మాత్రం పొల్లులు, గుణింతాలు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి, మొత్తం 11. పదకొండోది చివరి కొమ్ము. అది తెగిపోయింది. స్విఫ్ట్ అలా లెక్కపెట్టదు, కంటికి కనిపించే ముక్కల్ని లెక్కపెడుతుంది. "తేజ" పొడవు కాట్లిన్‌లో మూడు, స్విఫ్ట్‌లో రెండు. పాత ఐఫోన్ యాప్‌లో ఈ తప్పు ఎప్పుడూ కనిపించకపోవడానికి కారణం నా తెలివి కాదు, స్విఫ్ట్ పుణ్యం.

ఇంగ్లీషులో పేర్లు రాసే వాళ్లకి ఈ బాధ ఎప్పటికైనా తెలుస్తుందా అనిపించింది.

అక్షరాలు లెక్కపెట్టి కోయడం మానేశాను. పేరు ఎంత వెడల్పు వస్తుందో కొలిచే పని ఆయా ప్లాట్‌ఫామ్‌కే ఇచ్చాను. కామన్‌లో "కొలిచి చెప్పు" అని ఎక్స్‌పెక్ట్ మాత్రం రాసి, ఒక్కోచోట యాక్చువల్ విడిగా రాశాను. ఎక్స్‌పెక్ట్ అంటే ఇలాంటిది కావాలని అడగడం, యాక్చువల్ అంటే ఇదిగో అని ఇవ్వడం.

లక్షల కామాలు మాత్రం పంచుకున్నాను. డెస్క్‌టాప్ జావా ఫార్మాటర్‌కి మూడేసి అంకెల కామాలు తప్ప మన పద్ధతి రాదు. 216,059 అని చూపిస్తే గుమాస్తా గారు ఒప్పుకోరు. ఆఖరి మూడు అంకెలు వదిలి, ఆపైన రెండేసి. పది వరసల కోడ్, మూడు చోట్లా ఒకటే.

జూన్ 4

ప్రింటర్. దీన్ని పంచుకోవాలని ప్రయత్నించను కూడా లేదు.

కొట్లో ఉన్నది 58 మిల్లీమీటర్ల కాగితం వేసే చిన్న బ్లూటూత్ ప్రింటర్. అడ్డంగా 384 చుక్కలు వేస్తుంది. దానికి తెలుగు అక్షరాలు రావు, కాబట్టి పట్టీ మొత్తాన్ని బొమ్మగా గీసి పంపాలి. గీయడం ఆండ్రాయిడ్‌లో ఒక రకం, ఐఫోన్‌లో ఒక రకం. సరే, గీశాం. పంపబోతే ఐఫోన్‌కి ప్రింటర్ కనిపించదు. ఇది పాత రకం క్లాసిక్ బ్లూటూత్. యాపిల్ ధ్రువీకరించిన పరికరాలకి తప్ప, మామూలు యాప్‌లకి ఐఫోన్ ఆ దారి ఇవ్వదు. తక్కువ కరెంటుతో నడిచే 'లో-ఎనర్జీ' రకం బ్లూటూత్ ఉన్న ప్రింటర్ అయితే మాట్లాడుతుంది.

తమ్ముడు ఇన్నాళ్లూ ఏం చేస్తున్నాడంటే, తెరకి ఫోటో తీసి బాబాయి వాట్సాప్‌కి పంపుతున్నాడు, ఆయన చూసి మళ్లీ కొట్టి ప్రింటు తీస్తున్నాడు. అంటే ఒకే లాటు రెండు ఫోన్లలో రెండుసార్లు. ఆ రోజు రైతు కంట పడింది ఆ రెండు అంకెలే.

కొత్త ప్రింటర్ కొందామంటే బాబాయి "పాతది చచ్చాక చూద్దాం లేరా" అన్నాడు. ప్రస్తుతానికి ఐఫోన్ నుంచి పట్టీ బొమ్మ నేరుగా వాట్సాప్‌కి వెళ్తుంది, కాగితం కావాలంటే బాబాయి ఫోనే దిక్కు.

యార్డు తెరిచిన వారం

మూడు రోజులుగా కొట్లోనే ఉన్నాను. తుమ్ములు, కళ్లు మంటలు. సెలవుల తర్వాత వచ్చేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీల సరుకు, సీజన్ అంత రద్దీ లేదు. పరీక్షించుకోవడానికి ఇదే మంచిది.

మొదటి రోజు మొదటి లాటు మూడు చోట్లా కొట్టించాను. బాబాయి ఫోన్లో, తమ్ముడి ఫోన్లో, గుమాస్తా గారి కొత్త తెర మీద ఒకే అంకె. బాబాయి రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశాడు, ఏమీ అనకుండా జేబులో పెట్టుకున్నాడు.

రెండో రోజు గుమాస్తా గారు ఒక తప్పు పట్టారు. టిక్కీల సంఖ్య కొట్టాక ఎంటర్ నొక్కితే కర్సర్ కిందికి పోవాలట, నాది పక్కకి పోతోంది. ఎక్సెల్ అలవాటు. అది తెర సంగతి, కామన్ కోడ్‌కి సంబంధం లేదు. అక్కడే కూర్చుని మార్చేశాను.

పాత ఎక్సెల్ షీటు ఇక తీసేయమంటారా అని ఈ రోజు అడిగాను. ఆయన చేత్తో రాసుకునే పుస్తకం మూసి, దాని మీద కళ్లజోడు పెట్టారు.

"ఎక్సెల్ తీసెయ్. ఈ పుస్తకం మాత్రం ఈ సీజన్ దాకా ఉండనీ. నీ యాప్‌కీ దీనికీ ఎక్కడన్నా తేడా వస్తే నేనే చెప్తా."